కుక్క వెంట్రుక కాదు, వాకిట్లో మట్టి

కుక్క వెంట్రుక మింగితే కడుపులో పురుగులు పడతాయని మన ఇళ్లలో పాత భయం. భయపడాల్సింది మాత్రం మట్టిని చూసి.

కుక్కల ఏలికపాము, టాక్సోకారా కేనిస్, తెల్లగా సేమ్యా పోగులా ఉంటుంది. ఆడపురుగు రోజుకు లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. మలంలో అప్పుడే పడ్డ గుడ్డు మనకు అంటదు. లోపల లార్వా (పిల్ల పురుగు) తయారవడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నేలలో బతుకుతుంది. బ్లీచింగ్‌కు చావదు, సలసల కాగే నీళ్లకు చస్తుంది. వానకు మలం కరిగి ఆనవాలు పోయినా గుడ్లు అక్కడే ఉంటాయి.

అసలు అద్భుతం తల్లి కుక్క ఒంట్లో ఉంది. పెద్ద కుక్క మింగిన గుడ్లలోని లార్వాలు చాలావరకు పేగులో ఎదగవు, కండరాల్లో చేరి నిద్రపోతాయి. మలపరీక్షకు దొరకవు, మామూలు మందుకు లొంగవు. కుక్క చూలు కట్టాక, సుమారు 42వ రోజు నుంచి, మేలుకుని గర్భంలోని మాయ దాటి పిల్లల కాలేయంలో చేరతాయి. పిల్ల పుట్టాక ఊపిరితిత్తులకెక్కి, దగ్గుతో గొంతులోకొచ్చి, మింగుడుపడి పేగులో స్థిరపడతాయి. కొన్ని పాలలోనూ వస్తాయి. అందుకే మూడు వారాల కూన కూడా గుడ్లు వదలగలదు.

కూనకు పురుగుల మందు ఒక్క మోతాదు చాలకపోవడానికి కారణం ఇదే. మందు పేగులోవాటిని చంపుతుంది, దారిలో ఉన్నవి తర్వాత దిగుతాయి. 2, 4, 6, 8 వారాలకు, ఆపైన ఆరు నెలల దాకా నెలనెలా వేయించాలి. తల్లికీ పిల్లలతోపాటే. పైరాంటెల్ మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. కూన బరువు వారం వారం మారుతుంది కాబట్టి ప్రతిసారీ తూచాలి. కంటి అంచనాతో వేస్తే మోతాదు తగ్గిపోతుంది.

మట్టితోపాటు గుడ్డు మింగిన మనిషిలో లార్వా పురుగుగా ఎదగదు. దారి తప్పి కాలేయం, ఊపిరితిత్తులు, ఒక్కోసారి కంట్లోకి పోతుంది. 1950లో కంటి వ్యాధుల పరిశోధకురాలు హెలెనార్ వైల్డర్, క్యాన్సర్ వంటి అనుమానాలతో తీసేసిన 46 కళ్లను పరీక్షిస్తే 24 కళ్లలో పురుగుల లార్వాలో వాటి అవశేషాలో దొరికాయి. ఎంత బాధాకరం! మనిషి మలంలో దీని గుడ్లు రావు కాబట్టి ఆ పరీక్ష దండగ, రక్తంలో యాంటీబాడీలు చూడాలి. ఫిబ్రవరి 10న బడిలో ఇచ్చే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర పేగు పురుగులకే. ఈ లార్వాలకైతే అదే మందును డాక్టరు సలహాతో రోజుకు రెండు పూటలా, సాధారణంగా అయిదు రోజులు వాడాలి.

పెంపుడు కుక్క మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి, కవరులో కట్టి చెత్తలో వేయండి. పెరట్లో పాతిపెట్టొద్దు. ఇల్లు కడుతుంటే ఇసుక కుప్ప మీద రాత్రిళ్లు పట్టా కప్పండి. పిల్లులు మలానికి వెతుక్కునేది ఆ మెత్తని ఇసుకనే, వాటికీ ఇలాంటి ఏలికపామే ఉంది. మన పిల్లలు గూళ్లు కట్టేదీ ఆ కుప్ప మీదే.