తెర మీద చుక్క, మౌస్ మీద వేలు: విజయనగరం వాదన వెనుక 1896

విజయనగరంలో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు తయారవుతున్న కుర్రాళ్ల మధ్య పాత గొడవ మళ్లీ లేచింది. ఒక కోచింగ్ సెంటర్‌లో తెర మీద చుక్క కనబడగానే మౌస్ నొక్కించి, నొక్కడానికి పట్టిన మిల్లీసెకన్లను (సెకనులో వెయ్యో వంతులను) బట్టి బ్యాచ్‌లు విడగొట్టారు. సాలూరు, చీపురుపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది వెనక బ్యాచ్‌లో పడ్డారు. రూములో ఫోన్ మీద ఇదే ఆడితే మంచి అంకె వస్తోందని వాళ్లంటున్నారు. కంప్యూటర్‌కు పక్షపాతం ఉండదన్నది సెంటర్ వాళ్ల జవాబు.

నక్షత్రాల కదలికను ఆలస్యంగా నమోదు చేస్తున్నాడని 1796లో గ్రీనిచ్ వేధశాల సహాయకుణ్ని తీసేసిన కథ చాలామందికి తెలిసిందే. ఈ గొడవకు అసలు మూలం మాత్రం దాని తర్వాత వందేళ్లకు కనిపిస్తుంది.

1888లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో, స్పందన వేగం కొలుస్తున్న లుడ్విగ్ లాంగె ఒక సంగతి గమనించాడు. రాబోయే సంకేతం మీద మనసు పెట్టమంటే ఒక సమయం వచ్చింది, నొక్కబోయే వేలి మీద పెట్టమంటే మరొకటి వచ్చింది. వేలి మీద మనసు పెట్టినప్పుడే త్వరగా నొక్కారు. తేడా దాదాపు సెకనులో పదో వంతు. మనిషీ యంత్రమూ అవే, మారింది ముందు చెప్పిన మాట ఒక్కటే.

అందరికీ ఇలాగే ఉండదని 1895లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త బాల్డ్విన్ అన్నాడు. కొందరు సంకేతం మీద మనసు పెడితేనే చురుగ్గా ఉంటారని ఆయన వాదన. శిక్షణ లేనివాళ్ల అంకెలు లెక్కలోకి రావని మరో మనస్తత్వ శాస్త్రవేత్త టిచెనర్ ఆ వాదనను కొట్టిపారేశాడు. 1896లో షికాగోలో ఏంజెల్, మూర్ అనే పరిశోధకులిద్దరూ కలిసి ఈ వాదనను పరీక్షించి చూశారు. మొదట్లో మనుషుల మధ్య తేడాలు నిజంగానే కనిపించాయి. అభ్యాసం పెరిగేకొద్దీ అవి తగ్గుతూ వచ్చాయి. అంటే మొదటి రోజు అంకెలో మనిషి ఎంత ఉన్నాడో, ఆ పనికి అలవాటు పడకపోవడమూ అంతే ఉంది. నా దృష్టిలో విజయనగరం తగాదా తేలిపోయింది అక్కడే.

అలవాటే కాదు, తెర, వెలుగు, పరికరం కూడా ఈ అంకెను మారుస్తాయి. వెలుగు చూసి నొక్కడానికి యువకులకు మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు మారే) తెర 16.7 మిల్లీసెకన్లకోసారి మాత్రమే మారుతుంది. వెలుగు తగ్గితే స్పందన మందగిస్తుంది. చుక్క ఎప్పుడొస్తుందో ముందే ఊహించగలిగితే వేగం పెరుగుతుంది. రెండు చుక్కల్లో ఒకదాన్ని ఎంచుకోమంటే ఇంకా ఆలస్యమని డచ్ శాస్త్రవేత్త డాండర్స్ 1868లోనే చూపాడు. టచ్, మౌస్ కూడా ఒకే వేగంతో నమోదు కావు కాబట్టి కుర్రాళ్ల ఫోన్ అంకెనూ సెంటర్ అంకెతో పోల్చలేం.

అసలు పరీక్షలో కూడా కొత్త కంప్యూటరే ఎదురవుతుంది కదా అని సెంటర్ అడుగుతోంది. నిజమే. రైల్వే ఆప్టిట్యూడ్ పరీక్షలో ప్రతి విభాగంలోనూ కనీసం 42 టీ-స్కోరు (మిగతా అభ్యర్థులతో పోల్చి లెక్కగట్టే మార్కు) రావాలి, ఏ వర్గానికీ సడలింపు లేదు, ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. ఆ టెన్షన్‌కు అలవాటు పడటానికే కదా పిల్లలు ఇంట్లో అప్పు చేయించి ఫీజు కట్టింది! అలవాటు చేయాల్సినచోట మొదటి రోజే వడపోశారు.

అందరికీ ఒకే తెర, తెలుగులో ఒకే సూచన, లెక్కలోకి రాని ఇరవై ప్రయత్నాలు ఇచ్చి, వారం తర్వాత మళ్లీ కొలవమని కుర్రాళ్లు అడిగారు. సెంటర్ నుంచి ఇంకా జవాబు లేదు.