అమినో ఆమ్లాల సీసా వెనక ప్రోలిన్ కథ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉభాలు (వరి నాట్లు) అయ్యాక వాన ముఖం చాటేసినా, అక్టోబరు తుపాను చేను ముంచినా ఇప్పుడు మందుల దుకాణంలో అమినో ఆమ్లాల సీసా చేతికిస్తున్నారు. కరవును తట్టుకోవడానికి మొక్క సొంతంగా తయారుచేసుకునే పదార్థమే ఇదని చెబుతారు. ఆ మాటకు మూలం 1954 నాటిది.

ఆ ఏడాది కెంబుల్, మెక్‌ఫెర్సన్ అనే శాస్త్రవేత్తలు నీరందక వాడిపోయిన రైగడ్డి ఆకుల్లో ప్రోలిన్ అనే అమినో ఆమ్లం పేరుకోవడం గమనించారు. నీరు తగ్గినప్పుడు మొక్క గ్లుటమేట్ అనే మరో అమినో ఆమ్లం నుంచి ప్రోలిన్ తయారుచేసుకుంటుంది. అది కణంలో నీటిని పట్టి ఉంచుతుంది, ఎంజైములను కాపాడుతుంది. వాన పడ్డాక మొక్క దాన్నే విరగ్గొట్టి శక్తికీ నత్రజనికీ వాడుకుంటుంది. ముంపులో దారి వేరు: ఆక్సిజన్ అందని వేళ్లలో అలనైన్, గాబా అనే వేరే అమినో ఆమ్లాలు పెరుగుతాయి.

1973లో బేట్స్ బృందం ఆకులో ప్రోలిన్‌ను కొలిచే తేలిక పద్ధతి ఇచ్చింది. అరగ్రాము ఆకును 3 శాతం సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం 10 మి.లీ.లో నూరి వడగట్టి, ప్రోలిన్‌తో కలిసి ఎరుపెక్కే నిన్‌హైడ్రిన్‌తో గంటసేపు 100 డిగ్రీల వద్ద ఉంచి, టోల్యూన్‌లోకి దిగిన ఎరుపును 520 నానోమీటర్ల వద్ద చదవాలి. పొరపాటు తూకంలోనే జరుగుతుంది. 80 శాతం నీరున్న ఆకు వాడిపోయి నీరు 60 శాతానికి తగ్గితే అరగ్రాములో ఎండు పదార్థం రెట్టింపవుతుంది. ప్రోలిన్ కొత్తగా పుట్టకపోయినా అంకె రెట్టింపు కనిపిస్తుంది. అందుకే ఆకు ఎండు బరువు మీద లెక్కించాలి.

1995లో ఉస్మానియా శాస్త్రవేత్త కవి కిశోర్, అమెరికాలోని సహచరులతో కలిసి, పెసర జాతి పప్పుధాన్యంలోని ప్రోలిన్ తయారీ జన్యువును పొగాకులో పెట్టి ప్రోలిన్‌ను 10 నుంచి 18 రెట్లు పెంచారు. ఆ మొక్కలు ఉప్పును మెరుగ్గా తట్టుకున్నాయి. అయితే వరిలో ఉప్పుకు లొంగిపోయే రకాల్లోనే ప్రోలిన్ ఎక్కువ పేరుకున్న సందర్భాలూ ఉన్నాయి. కనుక ప్రోలిన్ పెరగడం చాలాసార్లు దెబ్బకు గుర్తు. తట్టుకునే శక్తికి రుజువు కాదు. దుకాణంలో వినపడనిది ఈ సగమే.

2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇలాంటి బయోస్టిమ్యులెంట్లను (మొక్క ఎదుగుదలను ప్రేరేపించే మందులను) ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. సీసాపై 10 శాతం అమినో ఆమ్లాలని ఉంటే, లీటరుకు 2 మి.లీ. చొప్పున ఎకరాకు 200 లీటర్లు కొడితే చేరేది సుమారు 40 గ్రాములు. అందులో నత్రజని ఆరేడు గ్రాములే. అదే నీటిలో 2 శాతం యూరియా కలిపితే 1.8 కిలోల నత్రజని అందుతుంది. కాబట్టి దీన్ని ఎరువుగా లెక్కపెట్టకూడదు. భావనపాడు వైపు ఉప్పు తగిలిన మడికి ముందు మంచినీరు పెట్టి ఉప్పును కడిగి తీసేయాలి, మునిగిన చేనులో నీరు తీయాలి. ఆ తర్వాత కూడా కొట్టాలనుకుంటే ఐదు సెంట్లు కొట్టకుండా వదిలి, కోతలో ఆ గింజను విడిగా తూచాలి.