ఓడలో పక్క ఎక్కడ వేసుకోవాలి?

చిట్టికీ, పండుకీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో చిట్టి అడిగినదానికి అప్పటికప్పుడు సరైన జవాబు తోచలేదు. "కిటికీ లేని గది తీసుకుంటే సముద్రం కనపడదు కదా తాతయ్యా, ఇక ఓడెక్కడం ఎందుకు?" అంది. వెనక నుంచి మీ నాన్న బాల్కనీ గది రేటు చెప్పడం, మీ అమ్మ "అమ్మ మోకాళ్ళ సంగతి కూడా చూడాలి" అనడం, పండు "పైన! అన్నిటికన్నా పైన!" అని అరవడం అన్నీ వినిపించాయి. విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై. ఆరుగురం, మూడు రాత్రులు, రెండు గదులు. ఇంత చిన్న విషయానికి ఇంట్లో అంత టెన్షన్ ఎందుకని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది చిన్న విషయం కాదు. ఎందుకో చెబుతాను.

ముందు మీకు విడిది గురించి చెప్పాలి. ఇప్పుడు విడిది అంటే హోటలు. నా చిన్నప్పుడు మగపెళ్ళివారికి ఊళ్ళో ఎవరిదో ఒక పెద్ద మిద్దె ఇల్లు ఖాళీ చేయించి ఇచ్చేవాళ్ళు. మా బాబాయి పెళ్ళికి గూడూరు దగ్గర ఒక పల్లెకి వెళ్ళాం. చీకటి పడేసరికి యాభై మంది చాపలూ బొంతలూ చంకన పెట్టుకుని, పక్క ఎక్కడ వేసుకోవాలా అని ఇల్లంతా తిరిగారు. నాకు తొమ్మిదేళ్ళు. వంటపాకకి ఆనుకుని ఉన్న చిన్న గది నేనే కోరి ఎంచుకున్నాను, బూరెల వాసన వస్తోందని. తెల్లవారుజామున మూడింటికి వంటవాళ్ళు పెద్ద గంగాళాన్ని బండల మీద ఈడ్చారు. జర్‌ర్‌ర్‌మని ఆ చప్పుడు గోడలోంచి వచ్చి నా పళ్ళలోకి దిగింది. మళ్ళీ నిద్ర పట్టలేదు. తాళి కట్టే వేళకి మా అమ్మ ఒళ్ళో నిద్రపోయాను. బాబాయి పెళ్ళి నేను చూడనేలేదు.

మా అవ్వ మాత్రం ఇల్లంతా ఒక్కసారి కలయదిరిగి, ఇంటి నడుమ ఉన్న కొట్టు గదిలో, వడ్ల బస్తాల పక్కన చాప పరుచుకుంది. దానికి కిటికీ లేదు. చల్లగా, చీకటిగా ఉంటుంది. "రాత్రి కళ్ళు మూసుకునేదానికి కిటికీ ఎందుకురా అబ్బాయ్?" అంది. అందరికన్నా బాగా నిద్రపోయింది అవ్వే.

ఓడ కూడా పెద్ద విడిది అనుకోండి. 2022 జూన్‌లో మీ విశాఖ రేవుకి వచ్చిన ఎంప్రెస్ అనే విహార ఓడనే తీసుకుందాం. 1990లో ఫ్రాన్స్‌లో కట్టారు. పొడవు 211 మీటర్లు, అంటే తొమ్మిది రైలు పెట్టెలు వరసగా నిలబెట్టినంత. పదకొండు అంతస్తులు, దాదాపు 800 గదులు. ఇలాంటి ఓడలో లోపలి గది అంటే మా అవ్వ పడుకున్న కొట్టు గది. కిటికీ ఉన్న గది అంటే వీధి గది. బాల్కనీ గది అంటే అరుగు. సూట్ అంటే పెళ్ళికొడుక్కి కేటాయించిన గది. కొన్ని గదులకి కిటికీ ఉన్నా సరిగ్గా ఎదురుగా ప్రాణరక్షక పడవ వేలాడుతూ ఉంటుంది. వీధి గది కిటికీకి అడ్డంగా గడ్డివామి వేసినట్టన్నమాట. అవి కాస్త చవగ్గా ఇస్తారు. వెలుతురు చాలు అనుకుంటే తీసుకోవచ్చు.

మరి ఓడలో గంగాళం ఎక్కడుంది? అది కనిపెట్టడమే అసలు పని. డెక్ ప్లాన్ అని ప్రతి అంతస్తుకీ ఒక పటం ఇస్తారు. మీ నాన్న దాంట్లో గదికి అటూ ఇటూ ఏముందో చూస్తున్నాడు. అది చాలదు. ఓడలో చప్పుడు ఎక్కువగా పై నుంచీ కింద నుంచీ వస్తుంది. ఒక అంతస్తు పటం మీద ఇంకో అంతస్తు పటం పెట్టి, మీ గదికి సరిగ్గా నెత్తిన ఏముందో, కాళ్ళ కింద ఏముందో చూడండి. నెత్తిన ఈతకొలను ఉంటే పొద్దున్నే కుర్చీలు ఈడుస్తారు, అదే నా గంగాళం. కాళ్ళ కింద పాటల హాలు ఉంటే అర్ధరాత్రి దాకా మంచం దడదడలాడుతుంది. వంటశాల దగ్గర చక్రాల బళ్ళు వేళా పాళా లేకుండా తిరుగుతుంటాయి. మరీ ముందు భాగంలో ఉంటే, ఓడ రేవుకి చేరే తెల్లవారుజామున లంగరు గొలుసు దిగే మోత వినపడుతుంది. మరీ వెనకైతే ఇంజనూ, నీటిని తోసే ప్రొపెల్లరూ కలిసి సన్నగా అదురుతూనే ఉంటాయి. పక్క గదికి మధ్యలో తలుపు ఉంటే అవతలివాళ్ళ మాటలన్నీ ఇవతలికి వస్తాయి. మన రెండు గదులకీ అలాంటి తలుపు ఉంటే మాత్రం మంచిదే, మీరు అమ్మమ్మ దగ్గరికి ఎప్పుడంటే అప్పుడు పరుగెత్తవచ్చు. పైనా గదులే, కిందా గదులే ఉన్న అంతస్తు దొరికితే ఇంకేమీ ఆలోచించొద్దు.

పండూ, గది నంబర్లు చూడు. సాధారణంగా మొదటి అంకె అంతస్తుది. చాలా ఓడల్లో సరి సంఖ్యలన్నీ ఒక వైపు, బేసి సంఖ్యలన్నీ ఇంకో వైపు ఉంటాయి. విశాఖ నుంచి పుదుచ్చేరి దాకా మనం దక్షిణానికి పోతాం కాబట్టి తీరం మన కుడివైపు ఉంటుంది, సూర్యుడు ఎడమవైపు నుంచి లేస్తాడు. పుదుచ్చేరి నుంచి చెన్నైకి ఉత్తరంగా తిరిగినప్పుడు అది తారుమారవుతుంది. ఏ నంబరు తీసుకుంటే పొద్దు పొడుపు, ఏ నంబరు తీసుకుంటే పొద్దు గుంకడం కనిపిస్తాయో పటం చూసి నువ్వే తేల్చు.

ఇంతవరకూ విడిది ఇల్లు సరిపోయింది. కానీ ఇల్లు కదలదు, ఓడ కదులుతుంది. ఈ సంగతి నేను నేర్చుకున్న తీరు చెప్పడం నాకు అంత తేలిక కాదు.

1976లో మా పెదనాన్న అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో పనిచేసేవాడు. మా నాన్న, అవ్వ, నేను మద్రాసు హార్బరులో ఓడెక్కాం. 1300 కిలోమీటర్లకు పైనే, మూడు రోజుల ప్రయాణం. మాది బంకు క్లాసు. ఓడ అడుగున పెద్ద హాలు, అందులో ఒకదానిమీద ఒకటిగా ఇనప మంచాలు, వందల మంది జనం. నాకు పన్నెండేళ్ళు. బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టడంలో నన్ను మించినవాడు లేడప్పుడు. బస్సులో ముందు సీటు మంచిది కాబట్టి ఓడలోనూ ముందే మంచిది అనుకున్నాను. అందరికన్నా ముందు పరుగెత్తి, హాలులో చిట్టచివర, ఓడ ముక్కుకి దగ్గరగా ఉన్న మూడు మంచాల మీద తువ్వాలు పరిచాను. నాన్న భుజం తట్టాడు.

రెండో రాత్రి గాలి లేచింది. మా మంచాలు పైకి లేచేవి, ఒక్క క్షణం ఆగేవి, తర్వాత బావిలో చేద జారినట్టు కిందకి పోయేవి. అవ్వ ఒక చేత్తో ఇనప కమ్మీ పట్టుకుంది, ఇంకో పిడికిట్లో నిమ్మకాయ. తాగిన మంచినీళ్ళు కూడా నిలవలేదు. "నేల ఏదిరా అబ్బాయ్?" అని అడుగుతూనే ఉంది. పొద్దున్నే ఒక ఖలాసీ వచ్చి చూశాడు. భాష తెలియదు. చేత్తో హాలు నడిమధ్య చూపించాడు. అక్కడ ఒక కుటుంబం తమ కింది మంచం అవ్వకి ఇచ్చింది. నాన్న ఆమెని ఎత్తుకుని తీసుకెళ్ళాడు. వెనకాలే నేను స్టీలు గ్లాసుతో నీళ్ళు పట్టుకెళ్ళాను. ముందు భాగంలో ఆ గ్లాసు నేలమీద పెడితే జారి పడిపోయేది. నడుమ పెట్టాను. నీళ్ళు కొద్దిగా అటూ ఇటూ వంగాయి, అంతే. గ్లాసు ఉన్నచోటే ఉంది. అదే ఓడ, అదే గాలి, అదే సముద్రం. సాయంత్రానికి అవ్వ రెండు ముద్దల అన్నం తింది. ఆ గ్లాసు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

పార్కులో మీరు ఆడే సీ-సా బల్ల గుర్తుందా? చివర్న కూర్చున్నవాడు ఆకాశానికీ నేలకీ ఎగురుతాడు, నడుమ కూర్చున్నవాడు ఉన్నచోటే ఉంటాడు. అల ఓడ ముక్కుని ఎత్తినప్పుడు జరిగేది అదే. పక్కకి ఊగడం ఇంకో రకం. గాలికి తాటిచెట్టు చూడండి, మట్ట ఎంత ఊగుతుందో, మొదలు ఎంత ఊగుతుందో. అంటే పండూ, నువ్వు అడిగిన ఆ పై అంతస్తు తాటిమట్ట. విచిత్రం ఏమిటంటే బాల్కనీ గదులు ఎక్కువగా పై అంతస్తుల్లోనే ఉంటాయి కాబట్టి, ఎక్కువ డబ్బు పోసి కొన్న గదే ఎక్కువ ఊగుతుంది. ఇప్పటి ఓడలకి నీళ్ళ కింద రెక్కలుంటాయి, స్టెబిలైజర్లు అంటారు. అవి పక్కకి ఊగడాన్ని బాగా తగ్గిస్తాయి. ముక్కు లేచి పడటాన్ని పెద్దగా ఆపలేవు. ఫిబ్రవరి, మార్చిల్లో బంగాళాఖాతం చాలావరకు నెమ్మదిగానే ఉంటుంది. వానాకాలంలో, ఆ తర్వాత తుపానుల నెలల్లో దాన్ని నమ్మడానికి లేదు.

కడుపులో ఎందుకు తిప్పుతుందో కూడా అడుగుతారు మీరు. చెవి లోపల తూకం చూసే ఒక చిన్న అమరిక ఉంది. అది "కదులుతున్నాం" అంటుంది. గదిలో నాలుగు గోడలు చూస్తున్న కన్ను "లేదు, కదలడం లేదు" అంటుంది. ఆ తగవు తీరక ఒళ్ళు అల్లాడిపోతుంది. అందుకే తిప్పుతున్నప్పుడు గదిలో ఫోను చూస్తూ కూర్చోకండి. బయటికి వచ్చి సముద్రం, ఆకాశం కలిసే గీత మీద చూపు నిలపండి.

నా మాట ఇది, మీ నాన్నకి కూడా చదివి వినిపించండి. ముందు అమ్మమ్మ గది చూడాలి, తర్వాతే మిగిలినవాళ్ళది. కింది అంతస్తుల్లో, ఓడ నడుమ, కిటికీ ఉన్న గది ఆమెకి. లిఫ్టుకి దగ్గరగా ఉండాలి, ఎదురుగా మాత్రం వద్దు. రాత్రంతా జనం అలికిడి ఉంటుంది. స్నానాలగది గడప ఎంత ఎత్తు ఉందో కూడా అడగమనండి. ఓడ గదుల్లో అక్కడ కాలు తట్టుకుంటుంది. "ఏ గది ఇస్తే అదే" అనే చవక టికెట్ ఒకటి ఉంటుంది, గ్యారంటీ గది అంటారు. దాంట్లో గది కంపెనీవాళ్ళే ఎంచుతారు. మీ నలుగురే వెళ్తుంటే సరే అనేవాణ్ణి. అమ్మమ్మతో వెళ్తున్నప్పుడు వద్దు.

మీ నలుగురికీ ఆ ఎదురుగానే ఉన్న లోపలి గది చాలు. పాత ఓడల్లో అవి 120 చదరపు అడుగుల చుట్టుపక్కల ఉంటాయి. మీ హాలులో సగం కూడా ఉండదు. రెండు పడకలు పై నుంచి మడత విప్పి దించుతారు. దీపం ఆర్పితే కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. పొద్దున ఎనిమిదయినా అర్ధరాత్రిలాగే ఉంటుంది. పండుకి భయమేస్తే స్నానాలగదిలో దీపం వేసి తలుపు ఓరగా పెట్టండి.

చిట్టీ, ఇక నీ ప్రశ్న. మన కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి ఒకప్పుడు వేలమంది పొట్ట చేతబట్టుకుని బర్మాలోని రంగూన్ వెళ్ళారు. రంగం అనేవాళ్ళు ఆ ఊరిని. వాళ్ళలో చాలామందికి ఓడలో అసలు గదే లేదు. ఓడ పైన ఆరుబయట, డెక్కు మీదే వంట, డెక్కు మీదే పడక. ఎండకీ వానకీ వాళ్ళు పడిన కష్టం మనం పడనక్కర్లేదు. కానీ వాళ్ళు పడుకుని చూసిన ఆకాశం ఉంది చూశావూ, అది ఇప్పటికీ డెక్కు మీదే ఉంది. కొట్టు గది తీసుకున్నవాళ్ళూ, పెళ్ళికొడుకు గది తీసుకున్నవాళ్ళూ ఆ బయటి డెక్కుకి వస్తే పక్కపక్కనే నిలబడాలి. పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నప్పుడు మూడో రాత్రి గాలి తగ్గాక నాన్న నన్ను పైకి తీసుకెళ్ళాడు. ఓడ నీళ్ళని చీల్చుకుపోతుంటే పక్కన నురగలో ఆకుపచ్చగా మిణుగురుల్లాంటి వెలుగు. సముద్రంలో ఉండే కంటికి కనపడనంత చిన్న జీవులు కదిలిస్తే అలా వెలుగుతాయట. అది తర్వాత ఎప్పుడో చదువుకున్నాను. ఆ రాత్రి మాత్రం నాన్న, నేను ఏమీ మాట్లాడుకోలేదు. కింద అవ్వ నిద్రపోతోంది.

నేను చెప్పానని ఒప్పుకోవద్దు మీరు. ఈ ఆదివారం పొద్దున్నే మీ నాన్నతో పెదజాలారిపేట దగ్గర ఒడ్డుకి వెళ్ళండి. ఫైబరు పడవలు అలలు దాటుకుని లోపలికి పోతుంటాయి. ఒక్క పడవని పట్టుకుని చూడండి. ముక్కు దగ్గర కూర్చున్నవాడి తల, నడుమ కూర్చున్నవాడి తల. చిట్టి ఒకరిని, పండు ఒకరిని చూడాలి, కళ్ళు తిప్పకూడదు. ఎవరి తల ఎంత లేచిందో, ఎంత పడిందో చూసి నాకు ఫోను చెయ్యండి. అప్పటిదాకా గదులు బుక్ చెయ్యొద్దని మీ నాన్నకి చెప్పాను.

మీ తాతయ్య