ప్లూటోను దించింది దాని పొరుగువాళ్లే: అపోహలు - వాస్తవాలు

నా వృత్తి ఏమిటో తెలిసిన ఐదు నిమిషాల్లో ఎవరైనా అడిగేది ఒక్కటే: "ప్లూటోను గ్రహాల జాబితా నుంచి ఎందుకు తీసేశారు?" నెప్ట్యూన్‌కు ఆవల తిరిగే చిన్న వస్తువులను వెతికేవాణ్ణి కాబట్టి, ఆ నేరంలో నాకూ వాటా ఉందని వాళ్ల అనుమానం.

అపోహ: మరీ చిన్నదని ప్లూటోను తీసేశారు.

వాస్తవం: ప్లూటో చంద్రుడి కన్నా చిన్నదే. కానీ గ్రహం అంటే ఏమిటో చెబుతూ అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2006లో ఇచ్చిన నిర్వచనంలో ఇంత వ్యాసం ఉండాలన్న షరతే లేదు. సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వాకర్షణతో గుండ్రంగా మారి ఉండాలి, తన కక్ష్య పరిసరాల్లో తనదే పైచేయి కావాలి. ప్లూటో తప్పింది మూడోదాంట్లో. 1930లో క్లైడ్ టాంబా కనిపెట్టినప్పుడు అది ఒంటరి. 1992లో ఆ చుట్టుపక్కలే ఇంకొకటి దొరికింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. 2005లో బయటికొచ్చిన ఎరిస్ అయితే ప్లూటో కన్నా సుమారు 27 శాతం బరువైనది! దాన్ని పదో గ్రహం అనాలి, లేదంటే రెండింటినీ పక్కన పెట్టాలి. 1801లో దొరికిన సెరిస్‌కూ ఇదే గతి పట్టింది. కొన్ని దశాబ్దాలు గ్రహంగా వెలిగి, పొరుగువాళ్లు పెరిగాక గ్రహశకలమైంది.

అపోహ: శాస్త్రవేత్తలంతా ఒప్పుకున్నారు.

వాస్తవం: 2006లో ప్రాగ్‌లో ఆ నిర్వచనంపై ఓటు వేసింది 424 మంది. సమాఖ్య సభ్యులేమో వేలల్లో ఉన్నారు. గుండ్రంగా ఉంటే చాలు, గ్రహమే అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2015లో న్యూ హొరైజన్స్ వ్యోమనౌక ప్లూటో మీది నత్రజని మంచు మైదానాలను, నీటిమంచు కొండలను చూపించాక వాళ్ల గొంతు ఇంకా పెరిగింది. నా మటుకు నాకు తీర్పు సరైనదే, రాతే బాగాలేదు. 'సూర్యుడి చుట్టూ' అని రాసేసరికి వేరే నక్షత్రాల గ్రహాలు నిర్వచనంలోకే రాకుండా పోయాయి.

అపోహ: మేము రాత్రంతా టెలిస్కోప్‌కు కన్ను ఆనించి కూర్చుంటాం.

వాస్తవం: కూర్చునేది కంప్యూటర్ ముందు. ఒకే ఆకాశపు ముక్కకు గంట గంటకూ తీసిన చిత్రాలను ఒకదాని వెంట ఒకటి తిప్పి చూస్తాం. నక్షత్రాలు కదలవు, ఒక్క చుక్క మాత్రం నాలుగు పిక్సెళ్లు పక్కకు గెంతుతుంది. అప్పుడు గుండె ఝల్లుమంటుంది. చాలాసార్లు అది కెమెరా లోపమే. టాంబా ఇదే పని గాజు పలకలతో చేశాడు. ఎరిస్ కూడా 2003 అక్టోబరు చిత్రాల్లోనే ఉంది. మరీ మెల్లగా కదలడంతో సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసింది. 2005 జనవరిలో పాత చిత్రాలను మళ్లీ జల్లెడ పడితే దొరికింది.