రహీం సాబ్ బడి నుంచి కోల్‌కతా మైదాన్ దాకా

2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే మన ఫుట్‌బాల్ జట్టుకి పేరూ మారింది, ఊరూ మారింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తిన జట్టు ఇదే. మూడున్నరేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో జట్టే లేకుండా పోయింది.

ఇలా ఎందుకైందని ఫ్యాన్స్ మధ్య వాదన వస్తే అది మూడు దారుల్లో సాగుతుంది. జట్టులోని ఆటగాళ్ళు లిస్టన్ కొలాసోను 2021లో, ఆశిష్ రాయ్‌ని 2022లో కోల్‌కతా క్లబ్బుకి వదలకుండా ఉండాల్సిందని ఒకరంటారు. ఆటగాళ్ళు ఎవరైనా ఒకటే, కోచ్ మనోలో మార్కెజ్ ఆడించిన తీరు వల్లే గెలిచాం అని మరొకరు. టాలెంట్ ఒక్కటే ఉంటే ఏం లాభం, జెర్సీ వేసుకున్నాక ఒళ్ళు దాచుకోకుండా ఆడాలి కదా అని ఇంకొకరు. ఎవరు వెళ్ళిపోయారు, ఎలా ఆడించారు, ఎవరు కష్టపడ్డారు అనే ఈ మూడు తగాదాలూ ఈ ఊరికి కొత్త కాదు. వీటికి 75 ఏళ్ళ చరిత్ర ఉంది.

ఆ చరిత్ర సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గర మొదలవుతుంది. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, వృత్తి బడిపంతులు. అందరూ రహీం సాబ్ అనేవారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. దేశంలో కోల్‌కతా క్లబ్బులకు ఎదురులేదనుకునే రోజుల్లో హైదరాబాద్ కానిస్టేబుళ్ళు సాధించిన విజయం అది.

ఆయన ఏం నేర్పారో కాస్త దగ్గర నుంచి చూడాలి. పిల్లల కోసం రెండు రకాల టోర్నమెంట్లు పెట్టారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు. బంతి కాలికి అందిందా, వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో ఆటంతా బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలివాటం పిల్లవాడు ఎడమకాలితో పాస్ ఇవ్వబోతాడు. బంతి పక్కకి దొర్లిపోతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు, వాడికి ఉక్రోషం వస్తుంది. మళ్ళీ మళ్ళీ కొడతాడు. అలా రోజూ కొట్టగా కొట్టగా, కొన్ని నెలలకు వాడికి ఏ కాలైనా ఒకటే అయిపోతుంది. ఇక ఆ పిల్లవాడి పాస్ చూసి ఇది పుట్టుకతో వచ్చిన ప్రతిభా, కష్టపడితే వచ్చిందా అని ఎవరు విడదీసి చెప్పగలరు? రహీం సాబ్ దగ్గర ఆ రెండూ వేరు కావు. కష్టపడడాన్ని కూడా ఎక్కాల పుస్తకంలా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించిన మాస్టారు ఆయన.

ఎత్తుగడల సంగతికొస్తే 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఒక్కటి చాలు. అప్పటికి పుష్కరకాలంగా దేశం జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం వచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కింది. జకార్తాలో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. ఆ తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతూ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది, కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే అతన్ని బెంచి మీద కూర్చోబెట్టేవాడు. రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద మళ్ళీ కొట్టాడు. 2-1తో బంగారం మనదైంది. స్టేడియంలో దాదాపు లక్షమంది, ఎక్కువమంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నవాళ్ళే. కుట్లు పడ్డ తలతో హెడర్లకు ఎగిరిన జర్నైల్ సింగ్ తెగువ గొప్పదా, అతన్ని అక్కడ పెట్టిన కోచ్ ఆలోచన గొప్పదా? నన్నడిగితే ఆ ఆలోచన లేకపోతే ఆ తెగువ ఆసుపత్రి మంచం మీదే ఉండిపోయేది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం సాబ్ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

ఇక వలసలు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. ప్రాక్టీసుకు రావడానికి దారిఖర్చు లేకపోతే సైకిలు అద్దెకు డబ్బులు రహీం సాబే ఇచ్చారని తానే చెప్పుకున్నారు. 1956, 1957లో హైదరాబాద్ వరుసగా రెండుసార్లు, రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ గెలిచిన రోజులవి. సరిగ్గా అప్పుడే, 1957లో, బలరాంని కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ తీసుకెళ్ళింది. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని దేశమంతా ఒక్క ఊపిరిలో చెప్పుకునే ముగ్గురిలో ఒకడయ్యాడు. తిరిగి హైదరాబాద్ రాలేదు. కోల్‌కతా దగ్గర గంగ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో పోయారు.

ఇక్కడ పోలీసు ఉద్యోగం ఉండేది, నెల తిరిగేసరికి జీతం వచ్చేది. మరి ఎందుకు వెళ్ళారు? కోల్‌కతాలో జనం ఉన్నారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ అని మూడు పెద్ద క్లబ్బులు, ఏటా నెలల తరబడి సాగే లీగ్, పొద్దున్నే ఆట గురించి రాసే పత్రికలు. ఏటా సీజన్‌కు ముందు ఆటగాళ్ళు క్లబ్బులు మారే తతంగాన్ని వాళ్ళు దల్‌బదల్ అంటారు. ఆ రోజుల్లో సంతకం పెట్టేదాకా ఎదుటి క్లబ్బు కంట పడకుండా ఆటగాణ్ణి దాచిపెట్టేవాళ్ళు. ఇవాళ ట్రాన్స్‌ఫర్ విండో అంటే ఫ్యాన్స్ పడే టెన్షన్ అంతా అక్కడ ఎప్పుడో ఉంది.

ఆ దల్‌బదల్‌లో అందరికంటే ఎక్కువగా నలిగిన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్. ఆయన గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన వాదనలన్నీ ఆ ఒక్క మనిషిలో కలుస్తాయి. 1949లో పుట్టారు. 1966లో ఇంకో హైదరాబాదీ ఆటగాడు సయ్యద్ నయీముద్దీన్‌తో పాటు ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళారు. తర్వాత పద్దెనిమిదేళ్ళు మూడు పెద్ద క్లబ్బులకూ తిరిగి తిరిగి ఆడారు. క్లబ్బులు ఇంతగా మార్చినవాణ్ణి ఇవాళ్టి ఫ్యాన్స్ డబ్బు మనిషి అనేస్తారు. కోల్‌కతా మాత్రం ఆయన్ని బడే మియా అని నెత్తిన పెట్టుకుంది. ఏ జెర్సీ వేసుకున్నా మైదానంలో ఆయన పరుగు ఆగేది కాదు, బంతి పోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ తెచ్చుకునేవారు. తోటి ఆటగాళ్ళంతా బ్యాంకుల్లో, రైల్వేలో ఉద్యోగాలు చూసుకుంటుంటే ఆయన ఆటనే ఉద్యోగం చేసుకున్నారు. 1975లో ఐఎఫ్ఏ షీల్డ్ అనే కోల్‌కతా టోర్నమెంట్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో 0-5తో పరువు పోయిన మోహన్ బగాన్, మరుసటి ఏడాది హబీబ్‌నీ తమ్ముడు అక్బర్‌నీ తెచ్చుకుంది. 1976 జులైలో ఈస్ట్ బెంగాల్‌తో లీగ్ డెర్బీ (ఒకే ఊరి ప్రత్యర్థుల మ్యాచ్) మొదలైన 17వ సెకనులో అక్బర్ గోల్ కొట్టాడు. ఆ ఒక్క గోల్‌తోనే మ్యాచ్ గెలిచారు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో 2-2 డ్రా అయిన మ్యాచ్‌లో మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు. బలరాం పోయి అప్పటికి ఆరు నెలలే.

ఆటగాళ్ళు వెళ్ళిపోవడం వల్లే హైదరాబాద్ ఫుట్‌బాల్ పోయిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. బలరాం వెళ్ళిన తర్వాత కూడా 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మన జట్టు డ్యూరాండ్ కప్ గెలిచింది. 1965లో సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఒకరు వెళ్తే ఇంకొకరు తయారయ్యేవారు. రహీం సాబ్ పోయాక పదేళ్ళ పిల్లల వెంటపడి ఎడమకాలితో ఆడించేవాళ్ళు కరువయ్యారు. 1965 తర్వాత సంతోష్ ట్రోఫీ ఆంధ్రకు గానీ తెలంగాణకు గానీ మళ్ళీ రాలేదు. ఎగుమతి ఆగలేదు, తయారీ ఆగింది. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటి హైదరాబాద్ ఆటగాళ్ళు ఆ పాత బలంలో మిగిలిన చివరి పంట. 2019లో ఐఎస్‌ఎల్ క్లబ్ వచ్చినప్పుడు మన ఊరి పేరుతో జట్టు దొరికింది కానీ, ఊరి మైదానాల నుంచి ఆ జట్టులోకి దారి పడలేదు. అందుకే జట్టు ఢిల్లీ వెళ్ళిపోతుంటే ఆపుకోవడానికి మనకు పట్టు దొరకలేదు.

ఆ పాత దారి మాత్రం పూర్తిగా మూసుకుపోలేదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడడానికి వెళ్ళింది. తర్వాత బలరాం, హబీబ్ వేసుకున్న ఈస్ట్ బెంగాల్ జెర్సీయే తానూ వేసుకుంది. ఆ జట్టు 2024-25లో మహిళల జాతీయ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు సౌమ్యకే ఇచ్చారు. ఆమెకు మొదట ఫుట్‌బాల్ నేర్పింది నిజామాబాద్‌లోని ఒక కోచ్.