గుడ్డు గొడవ వెనుక 12 గ్రాముల లెక్క

బెంగళూరు సర్కారు బళ్లలో మధ్యాహ్నం పిల్లలకు గుడ్డు పెట్టాలా వద్దా అన్న వాదన మళ్లీ మొదలైంది. 2021 డిసెంబరులో కల్యాణ కర్ణాటక వైపు జిల్లాల్లో గుడ్లు మొదలైనప్పుడు మఠాధిపతులు ఎంత గట్టిగా వ్యతిరేకించారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నా లెక్కలో అసలు మలుపు అంతకు పదిహేనేళ్ల ముందే, 2006లో వచ్చింది.

ఆ ఏడాది కేంద్రం ప్రాథమిక తరగతుల భోజనానికి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలని నిర్ణయించింది. అందుకోసం ఇచ్చేది 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. బియ్యంలో దాదాపు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కందిపప్పులో 4కు కాస్త పైన. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ అందులో మూడింట రెండు వంతులు బియ్యం నుంచే వస్తోంది. బియ్యం ప్రొటీన్‌లో లైసిన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం తక్కువ. పప్పు ఆ లోటు తీర్చగలదు, పళ్లెంలో తగినంత పప్పు ఉంటే. అంత కొంచెం పప్పుతో కాచిన సాంబారుకు ఆ శక్తి ఎక్కడిది?

గింజలతోనే లెక్క తీర్చొచ్చన్న ఈ ఆలోచనకు మూలం ఇంకా పాతది. కూనూరులోనూ తర్వాత హైదరాబాద్‌లోనూ పనిచేసిన పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్, ఒళ్లు ఉబ్బే క్వాషియార్కర్, ఎముకలు తేలే మరాస్మస్ అనే పోషకాహార లోపపు జబ్బులు రెండూ ఒకే రకం తిండి తినే పిల్లల్లో వస్తున్నాయని గమనించారు. కేలరీలు చాలకపోతే శరీరం ప్రొటీన్‌ను కూడా ఇంధనంగా కాల్చేస్తుంది కాబట్టి ముందు కడుపు నిండాలన్నారు. ఆకలి రోజుల్లో అది సరైన మాటే. దాన్నే గింజలు పెడితే చాలు అన్నట్టు తీసుకోవడం తర్వాతి వాళ్ల పొరపాటు.

ఇవాళ బెంగళూరులో కట్టడం పనులకు వచ్చిన అనంతపురం, కడప, పాలమూరు కుటుంబాల షెడ్లలో రాత్రి అన్నం, చారు, ఊరగాయ ఉంటాయి. కడుపు నిండుతుంది. పిల్లవాడు మాత్రం ఈడు కన్నా పొట్టిగా ఉంటాడు, కండ పట్టదు, పుండు త్వరగా మానదు, జ్వరం వస్తే తేరుకోవడానికి రోజులు పడుతుంది. లోటు ముదిరితేనే పాదాలు ఉబ్బడం, జుట్టు ఎర్రబారడం, చర్మం పొరలుగా లేవడం కనిపిస్తాయి. అంతవరకూ రాకపోతే ఎవరికీ టెన్షన్ ఉండదు, 'వాళ్ల నాన్న పోలికలే' అనుకుని ఊరుకుంటారు.

గుడ్డు వద్దనేవాళ్లు పాలు, పప్పులు పెంచమంటారు. గుడ్డు తినేవాళ్లు, తిననివాళ్లు అని పిల్లలను రెండు వరసల్లో కూర్చోబెట్టకూడదన్న వాళ్ల మాటలో న్యాయముంది. 2013 నుంచి కర్ణాటక బళ్లలో పాలూ ఇస్తున్నారు, అది మంచి పని. కానీ గుడ్డుకు బదులు ఇచ్చే అరటిపండులో ప్రొటీన్ ఒక గ్రాము చిల్లర, గుడ్డులో 6. వేరుశనగ చిక్కీ కొంత నయం. పప్పు రెట్టింపు చేయమని రోడ్డెక్కిన వాళ్లు నాకైతే కనపడలేదు. పక్కన తమిళనాడు 1989లోనే భోజనంలో గుడ్డు చేర్చి, 2010 నాటికి వారానికి అయిదుకు తీసుకెళ్లింది.

కర్ణాటకలో వారానికి ఆరు రోజుల గుడ్డు 2024లో వచ్చింది. ఆ ఆరింటిలో రెండు గుడ్ల ఖర్చు ప్రభుత్వానిది. మిగతా నాలుగింటికి అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ మూడేళ్లకు సుమారు 1,500 కోట్లు ఇస్తోంది. ఆ గడువు తీరాక నాలుగు గుడ్ల ఖర్చు బడ్జెట్‌లోకి ఎక్కుతుందా లేదా అన్నది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న.