చన్నీళ్ళ పథ్యం

పోయిన నెల పర్లాకిమిడి నుంచి ఫోనొచ్చింది. ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదో తరగతిలో కెమిస్ట్రీ చదువుకున్నవాడు, ఇప్పుడు బట్టల కొట్టు నడుపుతున్నాడు. పెద్దపేగులో క్యాన్సరని తేలి రెండు నెలలయింది. విశాఖలో ఆపరేషన్ చేసి గడ్డ ఉన్న ముక్క తీసేశారు, ఆ తర్వాత కీమో మొదలైంది. మొదటి రోజు సెలైన్‌లో ఒక మందు, ఆ రోజు నుంచి పద్నాలుగు రోజులు రెండు పూటలా బిళ్ళలు, తర్వాత వారం సెలవు, మళ్ళీ మొదలు. సెలైన్ ఎక్కించుకుని గుణుపూర్ పాసింజర్లో ఇంటికొచ్చి పడుకున్నాడు.

"పొద్దున్న ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టేసరికి వేళ్ళకి కరెంటు కొట్టినట్టయింది మాస్టారూ. గ్లాసుడు చన్నీళ్ళు తాగితే గొంతు పట్టేసింది, ఊపిరి ఆగిపోయిందనుకున్నాను. చన్నీళ్ళు ముట్టుకోకురా అని మా మేనత్త ముందే చెప్పింది. మూఢనమ్మకమని నేనే నవ్వేశాను. అదీ మీ చలవే కదండీ!"

నిజమే, తప్పు నాదే. ఎవరేం చెప్పినా ఎందుకని అడగమని పిల్లలకి నూరిపోశాను గానీ, అడిగాక జవాబు కోసం ఆగాలని గట్టిగా చెప్పినట్టు లేను. మేనత్తకి ఆ సంగతి కటక్‌లో ఇదే మందు ఎక్కించుకున్న పక్కింటావిడ చెప్పిందట. అంటే అది చూసి తెలుసుకున్న మాట. ఆస్పత్రి వాళ్ళిచ్చిన కాగితంలోనూ ఆ జాగ్రత్త ఉంది, నాలుగో పేజీలో, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో. నోటితో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పెద్దపేగు ఎంత పొడవు, స్టేజీలు ఎన్ని లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, నాకు వాటి మీద ఆసక్తి తక్కువ. ఫ్రిజ్ సంగతికి కూడా తర్వాత వస్తాను. ముందు వాడు మింగుతున్న బిళ్ళ గురించి చెప్పాలి. కెమిస్ట్రీలో నన్ను ఇంతగా ముచ్చటపెట్టిన మోసం ఇంకోటి లేదు.

నేను పెరిగింది బరంపురంలో, పట్టుచీరలు నేసే తెలుగువాళ్ళ వీధిలో. మా పెదనాన్న దారానికి రంగులు వేసేవాడు. ఒంట్లో కణం రెండుగా చీలాలంటే లోపలున్న డీఎన్ఏకి నకలు నెయ్యాలి. ఆ నేతకి నాలుగు రకాల దారాలు కావాలి. అందులో థైమిన్ అనే దారాన్ని కణం చాలావరకు సొంతంగా తయారుచేసుకుంటుంది. యురాసిల్ అనే తెల్లదారాన్ని తీసుకుని, ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లున్న చిన్న తోక అతికిస్తే అది థైమిన్ అవుతుంది. ఈ పని చేసే ఎంజైము పేరు థైమిడిలేట్ సింథేజ్. అదే మన రంగులవాడు. ఫోలేట్ అనే విటమిన్ వాడి రంగు.

పెదనాన్న పని గుర్తు చేసుకుంటాను. తెల్ల చిలపకి, అంటే దారపు చుట్టకి, చిన్న నూలు కట్టు ఉంటుంది. ఎడమచేత్తో చిలప బిగించి పట్టుకుని, కుడిచేత్తో రంగు పట్టించి, చివర్లో ఆ కట్టు లాగేస్తాడనుకోండి. కట్టు ఊడితేనే రంగు నిలుస్తుంది, చిలప చేతిలోంచి జారి దండెం మీదకి వెళ్తుంది. ఎంజైమూ అంతే. యురాసిల్ వలయంలో ఆరో కార్బన్‌ని తన గంధకంతో పట్టుకుంటుంది, ఐదో కార్బన్‌కి ఫోలేట్ తెచ్చిన తోకని తగిలిస్తుంది, ఐదో కార్బన్ మీద అంతవరకూ ఉన్న హైడ్రోజన్ని ఊడబెరుకుతుంది. ఆ హైడ్రోజనే నూలు కట్టు.

ఇప్పుడు ఎవరో నూలు కట్టు తీసేసి ఇనపతీగ బిగించారు. చూడ్డానికి తేడా లేదు. పెదనాన్న మామూలుగానే చిలప పట్టుకున్నాడు, రంగు పట్టించాడు, కట్టు లాగాడు. ఊడదు. కట్టు ఊడనిదే చిలప చేతిని వదలదు, రంగు చిలపని వదలదు. చిలప, రంగు, మనిషి ముగ్గురూ ఒకటై అలా నిలబడిపోయారు. 5-ఫ్లోరోయురాసిల్ అనే మందు చేసే పని ఇదే. ఐదో కార్బన్ మీద హైడ్రోజన్ బదులు ఫ్లోరిన్. అది హైడ్రోజన్ కంటే కాస్తే పెద్దది కాబట్టి ఎంజైము పసిగట్టలేదు, ఫ్లోరిన్ కార్బన్‌ని పట్టుకుందంటే మాత్రం వదలదు. రంగులవాణ్ణి చంపక్కర్లేదు, చేతికి పని అంటగట్టి నిలబెట్టేస్తే చాలు.

దీన్ని అమెరికాలో చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం 1957లో ప్రకటించింది. ఎలకల కాలేయంలో పెరిగిన గడ్డలు యురాసిల్‌ని మామూలు కణజాలం కంటే ఎక్కువగా లాక్కుంటున్నాయని అంతకు మూడేళ్ళ ముందే వేరే పరిశోధకులు గమనించారు. ఆకలి ఎక్కువున్న వాడికి కల్తీ సరుకు పంపుదామన్నదే ఆలోచన.

రంగు వేసిన దారం లేకపోతే మగ్గం ఆగిపోతుందని మీరనుకుంటారు. ఆగదు. చేతికందిన తెల్లదారాన్నే థైమిన్ ఉండాల్సిన చోట వేసి నేస్తుంది. గుడ్డని పరీక్షించే ఎంజైములు తెల్లపోగు చూసి కత్తిరించేస్తాయి. ఆ ఖాళీలో మళ్ళీ తెల్లపోగే పడుతుంది, మళ్ళీ కత్తిరింపు. బాగుచేసే కత్తెరే చివరికి గుడ్డని పేలికలు చేస్తుంది. కణం చచ్చిపోతుంది. ఇదొక్కటే కాదు, ఈ నకిలీ దారం ఆర్‌ఎన్‌ఏలోకి కూడా దూరి అక్కడి పనీ పాడుచేస్తుంది.

ఇది అర్థమైతే ఇంట్లో వాళ్ళ మంచితనం ఎక్కడ బెడిసికొడుతుందో తెలుస్తుంది. నీరసంగా ఉన్నాడని మేనత్త కొడుకు బలం బిళ్ళలు తెచ్చిపెట్టాడట. వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అంటే ఇంకా రంగు! రంగు ఎక్కువైతే చిలప ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది, మందు విషం పెరుగుతుంది. కొన్ని పద్ధతుల్లో డాక్టర్లు ల్యూకోవోరిన్ అనే ఫోలేట్‌ని కావాలనే, లెక్కగట్టి ఇస్తారు. ఆ లెక్క ఇంట్లో వేసేది కాదు.

మా వాడు మింగే బిళ్ళ కేపసిటబిన్. ఇదే నకిలీ దారం, మూడు పొట్లాల్లో చుట్టినది. మొదటి పొట్లం కాలేయంలో విప్పుకుంటుంది, రెండోది కాలేయంలోనూ గడ్డలోనూ, మూడోది విప్పే ఎంజైము గడ్డల్లో ఎక్కువ. అలాగని మిగతా ఒంట్లో విప్పుకోదని కాదు. నాలుగైదు రోజులకోసారి కొత్త పొర నేసుకునే పేగులు, రోజూ రక్తకణాలు నేసే మూలుగ, నోటి లోపలి చర్మం, వీటి మగ్గాలకీ దారం కావాలి కదా. అందుకే విరేచనాలు, నోటి పుళ్ళు, తెల్లకణాలు తగ్గడం. రోజూ వెళ్ళేదానికంటే నాలుగుసార్లు ఎక్కువ విరేచనమైనా, జ్వరం 100.4 దాటినా బిళ్ళ ఆపి వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. రేపు చూద్దాం అనకూడదు.

ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరోయురాసిల్‌లో 80 శాతానికి పైగా డీపీడీ అనే ఎంజైము విరగ్గొట్టేస్తుంది. కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. వాళ్ళకి అందరికీ ఇచ్చే మోతాదే ప్రాణం మీదకి వస్తుంది. అందుకని ముందే పరీక్ష చెయ్యాలని యూరప్ మందుల సంస్థ 2020లో సూచించింది. ఇక్కడ ఆ పరీక్ష అడిగితే గానీ రాయరేమో, అడగండి. 1993లో జపాన్‌లో సర్పికి సోరివుడిన్ అనే కొత్త మందు వచ్చింది. ఫ్లోరోయురాసిల్ రకం మందులు వాడుతూ అది కూడా వేసుకున్న 15 మంది చనిపోయారు. పేగుల్లోని బాక్టీరియా దాన్ని ఇంకో నకిలీ యురాసిల్‌గా మార్చింది, అది డీపీడీకి అంటుకుని వదల్లేదు. మళ్ళీ అదే ఇనపతీగ! ఈసారి చిక్కుకున్నది చెత్త ఎత్తేవాడు. మన దగ్గర సర్పి వస్తే పాము తిరిగిందని మంత్రం వేయిస్తారు. మంత్రంతో ఈ ప్రమాదం లేదు, దాంతో పాటిచ్చే పసరులో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక ఫ్రిజ్. సెలైన్‌లో ఎక్కించింది ఆక్సాలిప్లాటిన్. 1965లో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బాక్టీరియాలో కరెంటు పంపిస్తే అవి చీలడం మానేసి పొడుగ్గా సాగాయి. కారణం కరెంటు కాదు, తీగల్లోంచి కరిగిన ప్లాటినం అని తర్వాత తేలింది. అలా పుట్టిన సిస్‌ప్లాటిన్ పెద్దపేగు క్యాన్సర్‌ మీద పెద్దగా పనిచెయ్యలేదు. 1976లో జపాన్‌లోని నగోయాలో యోషినోరి కిదాని తయారుచేసిన ఈ చుట్టం పనికొచ్చింది. డీఎన్ఏ పోగుల్ని ప్లాటినంతో కుట్టేసి ముడిపెడుతుంది.

ఒంట్లో ఇది విడిపోయినప్పుడు ఆక్సలేటు ఊడుతుంది. చేమదుంప చెక్కు తీస్తే చేతులు దురదపెట్టేది ఈ ఆక్సలేటు కాల్షియంతో కలిసి కట్టిన సూదుల వల్లే. (చేమదుంప మానెయ్యమని కాదు, దానికీ దీనికీ సంబంధం లేదు.) నరాల గోడల్లో సోడియం వచ్చే తలుపులుంటాయి. ఈ మందు ఎక్కాక అవి మూసుకోవడం ఆలస్యమవుతుంది, చలి తగిలితే మరీను. అందుకే వేళ్ళు జివ్వుమంటాయి, గొంతు పట్టేస్తుంది. ఊపిరి నిజంగా ఆగదు, ఆగినట్టుంటుంది. ఆక్సలేటు కాల్షియాన్ని పట్టేసుకోవడం ఒక కారణమని వివరిస్తారు. మరి కాల్షియం ఎక్కిస్తే సరి కదా? ఎక్కించి చూశారు. 2014లో ఫలితాలొచ్చిన పెద్ద పరీక్షలో లాభం కనబడలేదు. అందమైన వివరణలన్నీ వైద్యం కావని క్లాసులో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కాబట్టి సెలైన్ ఎక్కాక కొన్ని రోజులు గోరువెచ్చని నీళ్ళు, చేతులకి గ్లవ్స్, పొద్దున్నే మహేంద్రగిరి వైపు నుంచి గాలి కొడితే ముక్కుకి మఫ్లరు. వాడికి అసలు బాధ పఖాళ మానడం. మా సరిహద్దులో తెలుగిళ్ళలోనూ ఎండాకాలం మధ్యాహ్నం నీళ్ళన్నమే కదా. కుండలో చల్లబడింది వద్దు, తెల్లకణాలు తక్కువున్నప్పుడు రాత్రంతా నానిందీ వద్దు.

చలికి వచ్చే జివ్వుమనడం తగ్గిపోతుంది. డోసులు పెరిగేకొద్దీ వచ్చే తిమ్మిరి వేరు, అది నెలలూ ఏళ్ళూ ఉండిపోవచ్చు. "గుడ్డ వేళ్ళతో పట్టుకుంటే పట్టో పాలిస్టరో తెలియని రోజు వస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పు" అన్నాను. మూడు నెలలు చాలా, ఆరు కావాలా అని కూడా అడగమన్నాను. వాడి రిపోర్టులో 14 లింఫ్ గ్రంథులు చూస్తే రెండింట్లో క్యాన్సరుంది, గడ్డ పేగు గోడ దాటి మరీ ముందుకు పోలేదు. 2018లో 12,834 మంది మీద ఆరు పరీక్షలు కలిపి చూస్తే, ఇలాంటివాళ్ళకి ఈ జంట మందులు మూడు నెలలిచ్చినా ఫలితం దాదాపు ఆరు నెలలంత ఉంది, నరాల దెబ్బ బాగా తక్కువ.

అరచేతులు నల్లబడుతున్నాయి, దిష్టి తీయించమంటోంది అత్త అన్నాడు రెండోసారి ఫోన్లో. అది కేపసిటబిన్ పని. ఎర్రబడి, మండి, పొలుసులు ఊడటం కూడా దానివల్లే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మంది మీద చేసిన పరీక్షలో, మోకాళ్ళకి రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ చేతులకి పూస్తే బాధపెట్టే స్థాయికి వెళ్ళినవాళ్ళు 3.8 శాతం, ఉత్త జెల్ పూసినవాళ్ళలో 15 శాతం. 2024లో ప్రచురించారు. డాక్టర్ని అడిగి రాసుకోమన్నాను. దిష్టి కూడా తీయించుకో, మిరపకాయల పొగ మాత్రం మొహానికి తగలనివ్వకు అన్నాను. కత్తి తగిలితే జబ్బు పాకుతుందని ఆపరేషన్‌కి మూడు వారాలు అడ్డుపడిందీ ఈ అత్తే. అక్కడ ఆవిడ తప్పు, చన్నీళ్ళ దగ్గర రైటు.

మొన్న మళ్ళీ మాట్లాడాడు. సెలవు వారంలో ఉన్నాడు. ఫ్రిజ్ హ్యాండిల్‌కి అత్త పాత మఫ్లరు చుట్టిందట. దాన్ని పట్టుకుని తలుపు తీసి, ఒక వేలు లోపల పెట్టి చూశాడట, ఏమీ కాలేదట.

"పెరుగు గిన్నె తీశావా మరి?"

"లేదండీ, అత్తే తీసి గట్టు మీద పెట్టింది. గంట ఆగమంది. ఎందుకని అడగలేదు మాస్టారూ."